ఖాళీ గదులు నేర్పే పాఠం

దేశాటనం విద్యలో భాగమని మన పూర్వులు భావించారు. గ్రంథపఠనం వల్ల కలిగే జ్ఞానం ఒక విధమైనది. ఆ గ్రంథంలో వర్ణితమైన స్థలాన్ని కళ్లారా చూసినప్పుడు కలిగే జ్ఞానం మరొక విధమైనది. సాధారణంగా మనుషులు ప్రకృతి సౌందర్యాన్ని చూడటానికో, పుణ్యక్షేత్రాలను దర్శించటానికో, పూర్వవైభవానికి గుర్తులైన కోటలను, విజయస్తంభాలను తిలకించటానికో దూరదేశాలకు వెళుతుంటారు. కాని ఐరోపా ఖండంలో సౌందర్యంగాని, వైభవంగాని లేని కొన్ని ప్రదేశాలకు విద్యార్థులు తమ ఉపాధ్యాయుల వెంట ఏటా వేల సంఖ్యలో వెళుతున్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నాజీ జర్మనీ, దానితో చేతులు కలిపినవారు సుమారు అరవై లక్షల మంది యూదులను హతమార్చారు. ఆ మారణకాండను చరిత్రకారులు హోలోకాస్ట్ అని పిలుస్తారు. ఆ విద్యార్థులు చూడబోయేది దాని సాక్ష్యాలను.

అటువంటి ప్రదేశాలలో ఒకటి నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఉంది. ప్రిన్సెన్‌గ్రాహ్ట్ అనే కాలువ గట్టున, 263వ నంబరుగల ఇరుకైన ఎత్తయిన భవనం అది. దాని వెనుక భాగంలోని గదులలో అడుగుపెట్టిన విద్యార్థికి మంచంగాని, బల్లగాని, కుర్చీగాని కనిపించవు. ఆ గదులను అలా ఖాళీగానే ఉంచాలని నిర్ణయించినవాడు ఒక తండ్రి. ఆ గదులలోనే ఆయన భార్యాబిడ్డలతో రెండు సంవత్సరాలకు పైగా ప్రాణాలు అరచేత పెట్టుకొని తలదాచుకొన్నాడు. చివరకు ఒంటరిగా మిగిలాడు. ఆయన పేరు ఒట్టో ఫ్రాంక్. దినచర్య రాసిన బాలిక ఆన్ ఫ్రాంక్ తండ్రిగా లోకం ఆయనను ఎరుగును. తన కడుపుకోతను ఇతరుల బిడ్డలకు విద్యగా మలచిన మహనీయుడిగా ఆయనను ఎరిగినవారు కొద్దిమందే.

ఒట్టో ఫ్రాంక్ 1889 మే 12న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించాడు. తండ్రి బ్యాంకు వ్యాపారి. సంపన్నమైన యూదు కుటుంబం వారిది. మతాచారాల పట్టింపు ఆ ఇంట అంతగా ఉండేది కాదు. యూదులమైనా తాము జర్మన్లమేనన్న భావనతోనే వారు జీవించారు. ఒట్టో హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో కొద్దికాలం చదివి, తరువాత అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో ఒక పెద్ద వ్యాపారసంస్థలో పని నేర్చుకొన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్నప్పుడు 1915లో జర్మన్ సైన్యంలో చేరాడు. పశ్చిమ రణరంగంలో పోరాడి లెఫ్టినెంట్ హోదాను పొందాడు. దేశంకోసం ప్రాణాలను పణంగా పెట్టిన ఆ సైనికుణ్ణి, యుద్ధం ముగిసిన పదిహేనేళ్లకే ఆ దేశం పరాయివాడని వెలివేసింది.

ఒట్టో 1925లో ఎడిత్ హోలాండర్‌ను వివాహం చేసుకొన్నాడు. వారికి 1926లో మార్గొట్, 1929లో ఆన్ జన్మించారు. ఆ సంవత్సరమే ప్రపంచాన్ని ఆర్థికమాంద్యం చుట్టుముట్టింది. జర్మనీలో నిరుద్యోగం ప్రబలింది. తమ కష్టాలన్నిటికీ యూదులే మూలమని నాజీలు చేసిన ప్రచారం ప్రజలలోకి పాకింది. ఆకలితో, అవమానంతో రగులుతున్న మనసులకు ద్వేషం తేలికగా అంటుకొంటుంది. 1933 జనవరి 30న హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. రాబోయే కాలం ఎలా ఉండగలదో ఒట్టో ముందే ఊహించాడు. ఆ సంవత్సరమే స్వదేశం విడిచి ఆమ్‌స్టర్‌డామ్ చేరాడు. పండ్ల పాకం గట్టిపడటానికి వాడే పెక్టిన్ అనే పదార్థాన్ని విక్రయించే వ్యాపారాన్ని అక్కడ ప్రారంభించాడు. కొద్ది నెలలకు భార్యాబిడ్డలు ఆయనను చేరుకొన్నారు. పిల్లలు డచ్చి భాష నేర్చుకొన్నారు, బడికి వెళ్లారు, స్నేహితులను సంపాదించుకొన్నారు. కొంతకాలం ఆ కుటుంబం నిశ్చింతగా జీవించింది.

1940 మే 10న జర్మన్ సేనలు నెదర్లాండ్స్‌పై దండెత్తాయి. ఐదు రోజులలోనే ఆ దేశ సైన్యం లొంగిపోయింది. ఆ తరువాత జరిగిన పరిణామాన్ని విద్యార్థులు జాగ్రత్తగా గమనించవలసి ఉంది. మారణకాండ ఒక్కరోజులో మొదలుకాలేదు. ముందుగా యూదులు తమ పేర్లను ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలన్నారు. తరువాత వారిని ఉద్యోగాలనుంచి తొలగించారు. వ్యాపారాలను వారి చేతులనుంచి లాక్కొన్నారు. వారి పిల్లలను వేరు బడులకు పంపారు. ఉద్యానవనాలలోకి, చలనచిత్రశాలలలోకి రావద్దన్నారు. ట్రాము ఎక్కరాదన్నారు, సైకిలును అప్పగించమన్నారు. 1942లో దుస్తులపై పసుపు పచ్చని నక్షత్రాన్ని కుట్టుకొనితీరాలని ఆజ్ఞాపించారు. ఒక్కొక్క ఉత్తర్వు విడిగా చూస్తే చిన్నదిగానే కనిపించింది. పొరుగువారు ఒక్కొక్కదానికీ అలవాటుపడిపోయారు. ఆ చిన్న మెట్లన్నీ ఎక్కడికి దిగుతున్నాయో స్పష్టమయ్యేసరికి తిరిగి ఎక్కే దారి మూసుకుపోయింది.

కుటుంబాన్ని అమెరికాకు తరలించాలని ఒట్టో ఎంతో ప్రయత్నించాడు. న్యూయార్క్‌లోని పాతమిత్రుడికి లేఖలు రాశాడు. క్యూబా దేశానికి వెళ్లటానికైనా అనుమతి సంపాదించాలని చూశాడు. యుద్ధం వ్యాపించినకొద్దీ దేశాలు తమ తలుపులు మూసుకొన్నాయి. ఇక దాక్కోవటమే శరణ్యమని ఆయన నిశ్చయించుకొన్నాడు. తన కార్యాలయ భవనం వెనుక వాడుకలేని గదులను రహస్యంగా సిద్ధం చేయసాగాడు. 1942 జూలై 5న, పదహారేళ్ల మార్గొట్‌ను జర్మనీలోని శ్రామిక శిబిరానికి హాజరుకావలసిందిగా తాఖీదు వచ్చింది. మరునాటి ఉదయమే ఆ కుటుంబం వానలో తడుస్తూ ఆ గదులను చేరుకొంది.

పాండవుల అజ్ఞాతవాసం ఒక్క సంవత్సరం సాగింది. ఈ కుటుంబం అజ్ఞాతవాసం రెండు సంవత్సరాల ఒక నెల సాగింది. ఫాన్ పెల్స్ దంపతులు, వారి కుమారుడు పీటర్, కొన్ని నెలల తరువాత ఫ్రిట్జ్ ఫెఫర్ అనే దంతవైద్యుడు వారితో చేరారు. మొత్తం ఎనిమిదిమంది. ఆ గదుల ద్వారాన్ని కప్పుతూ ఒక పుస్తకాల బీరువాను అమర్చారు. దానిని తలుపులా తెరిచే వీలుండేది. పగటివేళ కింద గోదాములో పనివారు ఉండేవారు గనుక పైన అడుగుల చప్పుడు కూడ వినిపించరాదు. నీటి కుళాయి తిప్పరాదు. కిటికీ తెర తొలగించరాదు. ఆ ఎనిమిదిమంది ప్రాణాలు కార్యాలయంలోని కొద్దిమంది సహోద్యోగుల చేతులలో ఉండేవి. మీప్ గీస్, బెప్ వోస్కౌల్, విక్టర్ కుగ్లర్, యోహానెస్ క్లైమన్ అనే ఆ నలుగురు, మీప్ భర్త యాన్, బెప్ తండ్రి యోహాన్ వారిని కంటికి రెప్పలా కాపాడారు. ఆహారం, పుస్తకాలు, వార్తలు తెచ్చి ఇచ్చేవారు. వారు అధికారులు కారు, వీరులుగా పేరుపొందినవారు కారు. గుమాస్తాలుగా, టైపిస్టులుగా జీవనం సాగించే సామాన్యులు. పట్టుబడితే తమకూ శిక్ష తప్పదని ఎరిగి కూడ వెనుకంజ వేయనివారు.

ఆ ఇరుకు గదులలో ఒట్టో ఫ్రాంక్ కుటుంబ పెద్దగా, తగవులు తీర్చే మధ్యవర్తిగా, అన్నిటికీ మించి ఉపాధ్యాయుడిగా వ్యవహరించాడు. పిల్లలు ముగ్గురికీ పాఠాలు చెప్పేవాడు. భాషలు, చరిత్ర, గణితం నియమంగా చదివించేవాడు. తాను కూడ నిఘంటువు పక్కన పెట్టుకొని డికెన్స్ నవలలు చదువుతూ ఆంగ్లభాషను మెరుగుపరచుకొన్నాడు. బెప్ పేరుతో తపాలా ద్వారా సంక్షిప్తలేఖన పాఠాలు తెప్పించి నేర్చుకొన్నారు. మృత్యువు వాకిట నిలిచి ఉండగా చదువెందుకని ఆయన అనుకోలేదు. యుద్ధం ముగిసిన రోజున తన పిల్లలు బడిలో వెనుకబడరాదని కోరుకొన్నాడు. పిల్లలు ఎదుగుతున్నకొద్దీ వారి ఎత్తును గోడకాగితంపై పెన్సిలుతో గీతలుగా గుర్తించేవాడు. ఆ కాలంలో ఆన్ పదమూడు సెంటీమీటర్లకు పైగా ఎదిగింది. 1944 జూన్‌లో మిత్రసేనలు నార్మండీ తీరాన దిగినప్పుడు, ఒక చిన్న పటాన్ని గోడకు అతికించి సేనల పురోగమనాన్ని గుండుసూదులతో గుర్తిస్తూ వచ్చాడు. గోడపై ఆ పటం, ఆ గీతలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి లోకం ఆశ, మరొకటి తండ్రి ఆశ.

ఆ రెండు ఆశలలో ఒకటే ఫలించింది. 1944 ఆగస్టు 4న పోలీసులు వచ్చి ఎనిమిదిమందినీ బంధించారు. కుగ్లర్, క్లైమన్‌లను కూడ పట్టుకుపోయారు. ఆ ఇద్దరూ యుద్ధానంతరం బతికి బయటపడ్డారు. ఎనిమిదిమందిని మొదట వెస్టర్‌బోర్క్ శిబిరానికి, సెప్టెంబరు 3న అక్కడినుంచి రైలులో ఆష్విట్జ్‌కు తరలించారు. ఆ శిబిరంనుంచి ఆష్విట్జ్‌కు వెళ్లిన చివరి రైలు అదే. అందులో వెయ్యిమందికి పైగా ఉన్నారు. రైలు దిగిన చోటనే పురుషులను ఒకవైపు, స్త్రీలను ఒకవైపు నిలిపారు. ఒట్టో తన భార్యాబిడ్డలను చివరిసారి చూసింది అక్కడే. 1945 జనవరి 27న సోవియట్ సేనలు ఆష్విట్జ్‌ను విముక్తం చేసేనాటికి ఆయన రోగుల గదిలో ఎముకల గూడులా మిగిలి ఉన్నాడు. అంతకు మూడు వారాలముందే ఎడిత్ ఆకలితో, నీరసంతో అదే శిబిరంలో మరణించింది.

ఒట్టో నల్లసముద్ర తీరాన ఉన్న ఒడెస్సా మీదుగా ఓడలో ప్రయాణించి 1945 జూన్ 3న ఆమ్‌స్టర్‌డామ్ చేరుకొన్నాడు. భార్య మరణవార్త దారిలోనే తెలిసింది. బిడ్డలైనా బతికి ఉంటారన్న ఆశతో తిరిగివచ్చినవారినల్లా అడుగుతూ, పేర్ల జాబితాలు వెతుకుతూ, పత్రికలలో ప్రకటనలు ఇస్తూ నెలన్నర గడిపాడు. మార్గొట్, ఆన్ ఇద్దరూ బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో 1945 తొలినాళ్లలో టైఫస్ జ్వరంతో మరణించారని అక్కడ వారితో ఉండి బతికి వచ్చిన స్త్రీలు జూలైలో తెలిపారు. ఆ ఎనిమిదిమందిలో మిగిలినవాడు ఒట్టో ఒక్కడే. నెదర్లాండ్స్‌నుంచి శిబిరాలకు తరలించిన యూదులు సుమారు 1,07,000 మంది కాగా, తిరిగివచ్చినవారు సుమారు 5,000 మంది మాత్రమే. ఆ లెక్క వెనుక ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో ఊహించటం కష్టం.

ఎనిమిదిమందిని బంధించి తీసుకుపోయిన రోజున గదులలో చెల్లాచెదురుగా పడి ఉన్న ఆన్ నోటుపుస్తకాలను, కాగితాలను మీప్, బెప్ ఏరి భద్రపరిచారు. ఆన్ తిరిగివస్తే ఇవ్వాలని మీప్ వాటిని చదవకుండానే తన బల్ల సొరుగులో దాచింది. ఆమె ఇక రాదని తెలిసిన రోజున వాటిని తండ్రికి అప్పగించింది. వాటిని చదవటానికి ఒట్టోకు వెంటనే ధైర్యం చాలలేదు. కొంతకాలానికి చదవటం మొదలుపెట్టిన తరువాత, నిత్యం తన కళ్లముందు తిరిగిన బిడ్డ అంతరంగం ఎంత లోతైనదో తనకు ఏనాడూ తెలియలేదని గ్రహించాడు. తన దినచర్యను యుద్ధానంతరం గ్రంథంగా ప్రకటించాలని ఆన్ కోరుకొంది. 1944 వసంతకాలంనుంచి దానిని ఆమె స్వయంగా తిరగరాస్తూ వచ్చింది. బిడ్డ కోరికను తీర్చటమే తన కర్తవ్యంగా ఒట్టో స్వీకరించాడు. అయితే కుటుంబ గౌరవాన్ని, నాటి అభిరుచిని దృష్టిలో ఉంచుకొని కొన్ని భాగాలను తొలగించాడు. పలువురు ప్రచురణకర్తలు నిరాకరించిన పిమ్మట 1947 జూన్ 25న ఆ గ్రంథం డచ్చి భాషలో వెలువడింది. తొలి ముద్రణలో మూడువేల పైచిలుకు ప్రతులే వచ్చాయి. నేడది డెబ్బైకి పైగా భాషలలో లభిస్తున్నది.

గ్రంథం చదివిన యువతీయువకులు దేశదేశాలనుంచి ఒట్టోకు లేఖలు రాయసాగారు. 1952లో ఆయన స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరానికి నివాసం మార్చాడు. మరుసటి సంవత్సరం ఎల్ఫ్రీడ్ గైరింగర్‌ను వివాహమాడాడు. ఆమె కూడ ఆష్విట్జ్‌నుంచి బయటపడి, భర్తను, కుమారుణ్ణి కోల్పోయిన స్త్రీ. ఆ దంపతులిద్దరూ ఏళ్ల తరబడి వేలాది లేఖలకు ఓపికగా ప్రత్యుత్తరాలు రాశారు. సానుభూతి తెలిపి ఊరుకోవద్దని, తామున్న చోట శాంతి సామరస్యాలకోసం చేతనైనంత పనిచేయాలని ఆయన ఆ యువతరాన్ని కోరేవాడు. తన బిడ్డలకు చెప్పలేకపోయిన పాఠాలను ఆయన ఆ లేఖలలో ఇతరుల బిడ్డలకు చెప్పుకొన్నాడనవచ్చు.

ఆన్ రచన ప్రసిద్ధి పొందుతున్న ఆ రోజులలోనే, వారు దాక్కొన్న భవనం నేలమట్టమయ్యే ప్రమాదం ఏర్పడింది. దానిని పడగొట్టి కొత్త కట్టడం నిర్మించాలని ఒక వ్యాపారసంస్థ సంకల్పించింది. పత్రికలు, పౌరులు ఇందుకు అభ్యంతరం తెలిపారు. 1957 మే 3న ఆన్ ఫ్రాంక్ పేరిట ఒక సంస్థ ఏర్పడింది. ప్రజల ఒత్తిడిని గౌరవించి ఆ వ్యాపారసంస్థ భవనాన్ని అదే సంవత్సరం ఈ సంస్థకు దానంగా ఇచ్చివేసింది. విరాళాలతో పక్క ఇళ్లను కూడ సేకరించారు. 1960 మే 3న ఆ భవనం ప్రజల సందర్శనకు తెరుచుకొంది. ఆనాటి సభలో, అక్కడ జరిగినదంతా మనసులో మెదిలి, ఒట్టో ఎక్కువసేపు ప్రసంగించలేకపోయాడు.

వారిని బంధించిన కొద్దిరోజులకే గదులలోని సామగ్రినంతా నాజీ అధికారులు తరలించివేశారు. మరల పాత సామగ్రి వంటిది తెచ్చి అలంకరించాలా అన్న ప్రశ్న ఒట్టో ఎదుట నిలిచింది. అలా చేస్తే సందర్శకులకు ఆనాటి జీవితం సులభంగా బోధపడుతుంది. కాని ఆయన అందుకు అంగీకరించలేదు. తీసుకుపోయిన మనుషులు తిరిగి రాలేదు. వస్తువులను మాత్రం తెచ్చి నింపితే ఆ లోటు మరుగున పడిపోతుంది. గదులు ఎలా ఉండేవో తెలపటానికి చిన్న నమూనాలు చేయించి, గదులను మాత్రం ఖాళీగా ఉంచమన్నాడు. ఆ శూన్యమే తిరిగిరాని లక్షలాది జనానికి స్మారకమైంది.

ఆ ఇల్లు తన కుమార్తెకు గుడి కావాలని ఒట్టో ఏనాడూ కోరుకోలేదు. జనులు వచ్చి కన్నీరు కార్చి, పూలు ఉంచి వెళ్లిపోవటం ఆయనకు సమ్మతం కాదు. అందుకే ఆ గదుల పక్కనే అంతర్జాతీయ యువజన కేంద్రాన్ని ఏర్పాటు చేయించాడు. వివిధ దేశాల విద్యార్థులు వేసవిలో అక్కడ సమావేశమై జాతివివక్ష, మతసామరస్యం, మానవహక్కులు మొదలైన విషయాలపై చర్చించేవారు. వారిలో జర్మన్ యువకులూ ఉండేవారు. తన కుటుంబాన్ని నాశనం చేసిన తరం బిడ్డలతో ఆయన ఆప్యాయంగా సంభాషించేవాడు. గతం మారదని, దానిని ఎరిగినవారు వర్తమానాన్ని మార్చగలరని ఆయన విశ్వసించాడు. ద్వేషానికి ద్వేషం సమాధానం కాదన్న సత్యాన్ని ఆచరణలో చూపిన సంస్కారం ఆయనది.

ఆయన మార్గం నిష్కంటకంగా సాగలేదు. ఆన్ రచన కల్పితమని వాదించేవారు బయలుదేరారు. 1958లో అటువంటి ఆరోపణ చేసినవారిలో ఒకడు జర్మనీలో పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడు కావటం విచారకరం. ఒట్టో న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. 1961లో ఆ ఉపాధ్యాయుడు తన ఆరోపణను ఉపసంహరించుకొన్నాడు. అయినా అటువంటి వాదాలు ఆగలేదు. వృద్ధాప్యంలో కూడ ఒట్టో వాటిని ఎదుర్కొంటూనే వచ్చాడు. ఆన్ రాతప్రతులను ఆయన తన మరణానంతరం నెదర్లాండ్స్ ప్రభుత్వ యుద్ధపత్రాల సంస్థకు చెందేలా రాసి ఇచ్చాడు. ఆ సంస్థ సిరాను, కాగితాన్ని, చేతిరాతను శాస్త్రీయంగా పరీక్షించి అవి యథార్థమైనవని నిరూపిస్తూ 1986లో సమగ్ర పరిష్కరణను ప్రకటించింది. సాక్షులు గతించిన తరువాత సత్యానికి స్థలాలు, పత్రాలు మాత్రమే అండగా నిలుస్తాయని ఈ ఉదంతం తెలుపుతున్నది. విద్యార్థులను ఆ స్థలాలకు తీసుకువెళ్లవలసిన అవసరం కూడ ఇక్కడే ఉంది.

నేడు ఆ భవనంలో ప్రవేశించే విద్యార్థి మొదట కార్యాలయాన్ని, గోదామును చూస్తాడు. తరువాత పుస్తకాల బీరువా పక్కగా వంగి లోపలికి అడుగుపెడతాడు. నిచ్చెనవలె నిటారుగా ఉన్న మెట్లు ఎక్కుతాడు. లోపల ఛాయాచిత్రాలు తీయటానికి అనుమతి లేదు గనుక చేతిలోని ఫోను జేబులోకి చేరుతుంది. కళ్లు మాత్రమే పనిచేస్తాయి. ఆన్ తన గది గోడకు అంటించుకొన్న సినిమా తారల చిత్రాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. తన గదిలో తానూ అటువంటి చిత్రాలు అంటించుకొన్న సంగతి ఆ విద్యార్థికి తప్పక స్ఫురిస్తుంది. నార్మండీ పటం ఉంది. దాని పక్కన ఎత్తును కొలిచిన పెన్సిలు గీతలు ఉన్నాయి. ఒకచోట ఆ గీతలు ఆగిపోతాయి. అరవై లక్షలన్న సంఖ్యను పరీక్షకోసం కంఠస్థం చేసిన విద్యార్థి, ఆ గీతల ముందు నిలిచినప్పుడు ఆ సంఖ్యలోని ఒక్క ప్రాణాన్ని చూడగలుగుతాడు. ఆ తరువాత మిగిలిన ప్రాణాలను గురించి తనంత తానే ఆలోచించటం ఆరంభిస్తాడు.

ఆష్విట్జ్‌లో మరొక విధమైన అనుభవం కలుగుతుంది. పోలండ్ ప్రభుత్వం 1947లో ఆ శిబిరాన్ని స్మారక ప్రదర్శనశాలగా మార్చింది. అక్కడ సుమారు పదకొండు లక్షల మంది హతులయ్యారు. వారిలో సుమారు పది లక్షల మంది యూదులు. అద్దాల వెనుక గుట్టలుగా పోసిన పాదరక్షలు, కళ్లజోళ్లు, పేర్లు రాసుకొన్న పెట్టెలు కనిపిస్తాయి. పెట్టెపై పేరు రాసుకొన్నవాడు దానిని తిరిగి తీసుకొంటానని నమ్మాడన్నమాట. బ్రిటన్‌లో 1999నుంచి నడుస్తున్న ఒక కార్యక్రమం ద్వారా పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుగల విద్యార్థులు అక్కడికి వెళ్లివస్తున్నారు. అంటే వారు మన జూనియర్ కళాశాల విద్యార్థుల వయసువారే. అక్కడ గడిపేది ఒక్కరోజు. అయితే ప్రయాణానికి ముందు ఒక సదస్సు, వచ్చిన తరువాత మరొక సదస్సు ఉంటాయి. బతికి బయటపడిన వ్యక్తి అనుభవాలను విని వెళతారు. తిరిగివచ్చి తాము తెలుసుకొన్నదానిని తోటి విద్యార్థులకు తెలుపుతారు.

ఈ ఏర్పాటులో ఒక వివేకం ఉంది. ముందు చదవకుండా వెళ్లినవాడికి అవి పాత గోడలు మాత్రమే. తరువాత చర్చించనివాడికి అది కొద్దిరోజుల దుఃఖం మాత్రమే. కన్నీరు సహజం, కాని కన్నీరే విద్య కాదు. పాఠశాల విహారయాత్రలా నవ్వుతూ చిత్రాలు దిగి వచ్చినవాడు అంతదూరం వెళ్లీ ఏమీ చూడనట్లే. మార్గం తెలిసి వెళ్లినవాడు రెండు విషయాలను మనసులో ఉంచుకొని తిరిగి వస్తాడు. మొదటిది, దారుణం చిన్న ఉత్తర్వులతో, చిన్న అవహేళనలతో, చూసీ చూడనట్లుండే పొరుగువారితో మొదలవుతుంది. రెండవది, ఎంతటి చీకటిలోనైనా మీప్ గీస్ వంటి సామాన్యుడికి కూడ మంచిని ఎంచుకొనే అవకాశం ఉంటుంది. తరగతిలో ఒక సహాధ్యాయిని కులం పేరుతోనో, మతం పేరుతోనో, రూపం పేరుతోనో ఎగతాళి చేస్తున్నప్పుడు మౌనంగా ఉండాలా, అతని పక్కన నిలవాలా అన్న ప్రశ్న ఎదురైనప్పుడే ఆ యాత్ర ఫలం బయటపడుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పటానికి విదేశం వెళ్లిరావలసిన పనిలేదు. వెళ్లి వచ్చినవారికి ఆ ప్రశ్ననుంచి తప్పించుకొనే వీలు మాత్రం ఉండదు.

ఒట్టో ఫ్రాంక్ 1980 ఆగస్టు 19న బాసెల్ సమీపంలోని తన ఇంట తొంభై ఒకటవ ఏట కన్నుమూశాడు. తెరిచిన తొలి సంవత్సరంలో సుమారు తొమ్మిది వేలమంది చూసిన ఆ ఇంటిని తరువాతి కాలంలో ఏటా పది లక్షలకు పైగా జనం దర్శించసాగారు. వారిలో అధికభాగం యువతరమే. సంతానాన్ని కోల్పోయిన తండ్రి తన గుండెలోని గదికి తాళం వేసుకొని ఉంటే ఎవరూ తప్పుపట్టి ఉండేవారు కారు. ఆయన మాత్రం ఆ గది తలుపులు తెరిచి, పరాయి బిడ్డలను లోపలికి పిలిచాడు. చూపటానికి అక్కడ ఏమీ మిగలలేదని తెలిసే పిలిచాడు. ఆ ఖాళీ గదులనుంచి బయటికి వచ్చి, కాలువ గట్టున ఎండలో నిలిచిన విద్యార్థికి వీధిలో ఎప్పటిలాగే సైకిళ్లు, పడవలు సాగిపోతూ కనిపిస్తాయి. ఒకనాడు యూదులకు నిషేధించిన ఆ సైకిలును ఎవరైనా నిశ్చింతగా నడుపుకొంటూ వెళ్లగలగటం ఎంత విలువైన సంగతో అతనికి అప్పుడు బోధపడుతుంది.